కంటికి కనపడని కట్టుబడి

మా వీధి తాపీమేస్త్రీ దారి పొడుగునా తాను కట్టిన గోడలు చూపిస్తాడు. "మరి ముప్పయ్యేళ్ళుగా మీరు కట్టిందేదండీ?" అని మా ఆవిడ మొన్న కాఫీ అందిస్తూ అడిగింది. ఏం చెప్పను? నేను సాఫ్ట్‌వేరు ఇంజనీరును. నేను కట్టినవి కంటికి కనపడవు. కూలినప్పుడే నలుగురికీ తెలుస్తాయి!

ఈ వృత్తిలో నేను కట్టని వేషం లేదు. మొదట కోబాల్ భాషలో జీతాల పట్టీలు. 1998, 99లలో పాత లెక్కల మరమ్మతు. ఎనభై గడుల కార్డుల నాటి పొదుపు కొద్దీ సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసేవారు. 2000 రాగానే అది సున్నా సున్నా. 1930లో పుట్టిన పెద్దమనిషికి మైనస్ ముప్పయ్యేళ్ళు! తరువాత ఆసుపత్రి చీట్లు, ఆపైన సెల్‌ఫోన్లు.

నాకు బుద్ధి చెప్పింది మాత్రం ఒక పింఛను పట్టీ. పేరుకు పది గదులు చాలనుకున్నాను. 'వెంకటలక్ష్మమ్మ' కంటికి ఆరక్షరాలే గదా! కాని యూనికోడ్ పద్ధతిలో హల్లుకొక గది, ఎత్వానికొకటి, సున్నకొకటి, వత్తు కలిపే పొల్లుకొకటి—వెరసి పధ్నాలుగు. పదింటితో తెగి ఆవిడ 'వెంకటలక్ష్' అయి కూర్చుంది. బ్యాంకు పుస్తకంలో పేరుతో కలవలేదు. మూడు నెలలు పింఛను ఆగిపోయింది.

ఆవిడ ఎవరినీ తిట్టలేదు. "నా పేరు సగం ఎవరో కొరికేశారు నాయనా" అంది. ఆ మూడు నెలలూ మందులు అరువు తెచ్చుకుందట. ఆ పూటే గదులు పెంచాను. ఆగిన డబ్బు వచ్చింది; ఆఫీసు మెట్లెక్కి దిగిన ఆవిడ ఓపిక మాత్రం తిరిగి రాలేదు.

అప్పటినుంచి నాదొకటే పద్ధతి. ముందు ఆ పని చేసే గుమాస్తా పక్కన రెండు రోజులు కూర్చుంటాను. చిన్నదిగా కట్టి, వాళ్ళచేతనే తప్పులు పట్టించి, ఆ తరువాతే పెంచుతాను. పరీక్షకు రాముడు, సీత పనికిరారు. నాకు తెలిసినవాటిలోకెల్లా పొడుగాటి పేరు పెడతాను—మా అత్తగారిది!

ఇదంతా విని మా ఆవిడ నవ్వింది. "పోనీలెండి, ఇన్నాళ్ళకు మా అమ్మ పేరు మీకు ఉపకారం చేసిందన్న మాట!"