అనంతసాగరం వాడల్లో చిన్న బడి ఎవరికి బరువు?

జూన్ వస్తే చాలు, మన మండలాల్లో ఒక లెక్క మొదలవుతుంది. ఏ బడిలో ఎంతమంది పిల్లలు, ఏ బడిని ఎందులో కలపాలి, ఏ టీచర్‌ను మిగులుగా చూపాలి. అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతంలో ఈ లెక్క మొదట తగిలేది దళితవాడలు, ఎస్టీ కాలనీల్లో ఉన్న చిన్న బడులకే. పదిహేను ఇరవై మంది పిల్లలు, ఒకటో రెండో గదులు, ఒక టీచర్. కాగితం మీద అది దండగ ఖర్చు.

2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ఈ లెక్కను ఉత్తర్వుగా మార్చింది. 3, 4, 5 తరగతుల పిల్లల్ని కిలోమీటరు లోపున్న హైస్కూలుకు పంపమంది. మిగిలిన 1, 2 తరగతులకు ఫౌండేషన్ స్కూలని పేరుపెట్టి, 30 మంది దాకా ఒకే టీచర్ అంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి: 60 మంది లోపు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలి. చట్టం ఒకటి చెబితే జీవో ఇంకొకటి చేసింది. ఆ ఏడాది రాష్ట్రంలో చాలాచోట్ల తల్లిదండ్రులు బడి గేట్లకు తాళాలేసి రోడ్డెక్కారు. 2025 మేలో కొత్త ప్రభుత్వం 117ను రద్దు చేసి తొమ్మిది రకాల బడులు తెచ్చింది. వాటిలో మోడల్ ప్రైమరీకి తరగతికో టీచర్. మంచిదే. ఆ మోడల్ బడి ఊళ్లో పెడతారా, వాడలో పెడతారా అన్నది మా ప్రశ్న.

కిలోమీటరు దూరం కూడా దూరమేనా అని అడిగే అధికారులున్నారు. తల్లీ తండ్రీ తెల్లారకముందే నాట్లకో, కలుపుకో, కలిగిరి వైపు పొగాకు పనికో పోతారు. మూడో తరగతి అక్క ఒకటో తరగతి తమ్ముణ్ణి చెయ్యిపట్టి బడికి తీసుకుపోతుంది. అక్కను హైస్కూలుకు పంపితే తమ్ముడు ఇంటి దగ్గర ఆగుతాడు, లేదా తమ్ముడి కోసం అక్కే ఆగిపోతుంది. సోమశిల కాలువ కట్టలు, లారీలు తిరిగే రోడ్లు దాటే పిల్లల గురించి వేరే చెప్పనక్కర్లేదు. యానాది పిల్లల సంగతి ఇంకా కష్టం. బడి కంటికి కనిపించే దూరంలో ఉంటేనే వాళ్లు వస్తారు. నాలుగు రోజులు రాకపోతే గుడిసె దాకా వెళ్లి పిలిచేది ఆ చిన్న బడి టీచరే. నాలుగు వందల మంది ఉన్న హైస్కూల్లో ఆ పిల్ల రాలేదన్న సంగతి రిజిస్టరుకు తప్ప ఎవరికీ తెలియదు.

పెద్దగా చర్చకు రాని విషయం ఇంకొకటి ఉంది. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. వాడ బడిలో ఆ కుర్చీలో కూలికి పోయే దళిత తల్లి కూర్చుంటుంది. గుడ్డు ఎందుకు చిన్నదైంది, మరుగుదొడ్డికి నీళ్లెందుకు రావు అని అడుగుతుంది. బడి ఊళ్లోకి పోతే ఆ కుర్చీ ఎవరికి పోతుందో ఊరి సంగతి తెలిసినవాళ్లకు విడమర్చక్కర్లేదు. వంట కూడా అంతే. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. వాడ బడి మూతపడితే ముందు పోయేది ఆ వంటమ్మ పని.

మన జిల్లాకే ఒక అనుభవం ఉంది. 1990లో నెల్లూరులో మొదలైన అక్షరాస్యత ఉద్యమం రాత్రిబడిని ఆడవాళ్ల ఇళ్ల మధ్యకు తెచ్చింది. కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలే సారా అంగడిని మూయించారు. రోసమ్మ పేరు అలాగే రాష్ట్రానికి తెలిసింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. కిలోమీటరు అవతల హైస్కూల్లో రాత్రిబడి పెట్టి ఉంటే కూలి చేసి అలిసిన ఆ ఆడవాళ్లు వెళ్లేవాళ్లా?

మనలోనే కొందరు ఇంకో మాట అంటారు: వాడ బడి అంటే వెలి బడే కదా, మన పిల్లలు అందరితో కలిసి చదవాలి కదా అని. ఈ మాటను మేము తేలిగ్గా తీసుకోం. ఒక్క టీచర్ ఐదు తరగతులు చెబితే చదువు సరిగా రాదన్నదీ నిజం. అయితే కలిసి చదవడానికి అవతల ఎవరున్నారు? ఊళ్లో ఉన్నవాళ్ల పిల్లలు ఎప్పుడో ప్రైవేటు బస్సెక్కారు. 2020లో వచ్చిన అమ్మ ఒడి ప్రైవేటు బడికి పంపినా డబ్బిచ్చింది, 2025లో వచ్చిన తల్లికి వందనం కూడా అలాగే ఇస్తోంది. తల్లి చేతికి డబ్బు రావడాన్ని మేము తప్పుపట్టం. అదే ప్రభుత్వం వాడ బడికి రెండో టీచర్‌ను ఇవ్వకుండా, పిల్లలు తగ్గారని మూసేయడాన్ని తప్పుపడతాం. టీచర్ సెలవు పెడితే తలుపు తెరుచుకోని బడికి పిల్లలెలా పెరుగుతారు?

కాబట్టి విద్యార్థి సంఘాల మిత్రులకు ఒక పని చెబుతున్నాం. బడి కలిపేముందు మీ మండలంలో యాజమాన్య కమిటీ తీర్మానం జరిగిందా, జరిగితే ఆ తల్లులకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నారా, తెల్ల కాగితం మీద తీసుకున్నారా? సమాచార హక్కు కింద ఆ తీర్మానాల నకళ్లు అడగండి. వాటిని వాడలో, ఆ తల్లుల ముందే గట్టిగా చదవండి.