కొత్త కంప్యూటరు కన్ను తెరవకపోతే



మన పల్లెల్లో ఇప్పుడు కంప్యూటరు వింత వస్తువు కాదు. చిలకలూరిపేట, నరసరావుపేట, పర్చూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఇంజినీరింగు చదివే పిల్లలు లేని ఊరు అరుదు. కంపెనీ బిగించి అమ్మే కంప్యూటరు కంటే, విడిభాగాలు కొని మనమే బిగించుకుంటే అదే డబ్బుకు మెరుగైనది వస్తుందని పిల్లలు చెబుతారు. అది చాలావరకు నిజమే. అందుకని కొందరు సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు దాకా వెళ్లి కొంటారు. కొందరు గుంటూరులోనో విజయవాడలోనో కొంటారు. మరికొందరు పార్సిలులో తెప్పించుకుంటారు. ఎలా కొన్నా, అది పత్తి తీతల డబ్బో, యార్డులో మిర్చి టిక్కీలు అమ్మగా మిగిలిన డబ్బో అయి ఉంటుంది.

బిగించడం పూర్తవుతుంది. ఇంటిల్లిపాది చుట్టూ చేరతారు. అబ్బాయి మీట నొక్కుతాడు. యంత్రం ఉలకదు, పలకదు. "ఏమైందిరా?" అని తండ్రి. "తెలియడం లేదు నాన్నా" అని కొడుకు. "కొట్టువాడు పాడైన సరుకు అంటగట్టాడేమో" అని తల్లి. తెల్లవారి సంచిలో పెట్టుకుని బస్సెక్కితే, ఒకచోట మదర్‌బోర్డు పోయిందంటారు, ఇంకొకచోట ప్రాసెసరు పోయిందంటారు. ఏది నిజమో తెలియక మరొక పది వేలు ఖర్చు చేసిన కుటుంబాలున్నాయి. ఈ నెల ఈ విషయమే వ్రాస్తున్నాను.

ముందుగా ఒక మాట గుర్తుపెట్టుకోండి. కొత్తగా బిగించిన కంప్యూటరు లేవలేదంటే అందులో ఏదో కాలిపోయిందనే అర్థం కాదు. ఏదో ఒకటి సరిగా కూర్చోకపోవడమో, ఒక తీగ పెట్టడం మరచిపోవడమో తరచుగా కారణమవుతుంది. పొలంలో మోటారు ఆడకపోతే రైతు ఏమి చేస్తాడు? బోరులోని పైపులు పీకడు కదా! ముందు మూడు ఫేజులూ ఉన్నాయా అని చూస్తాడు. తరువాత ఫ్యూజులు, తరువాత స్టార్టరు చూస్తాడు. అవన్నీ బాగున్నాయని తేలిన తరువాతే మోటారు సంగతి. కంప్యూటరు విషయంలోను పద్ధతి అదే. గోడ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క అడుగు లోపలికి వెళ్లాలి.

కంప్యూటరు లేవడాన్ని బూట్ కావడం అంటారు. తన బూటు పట్టీలు తానే పట్టుకుని తనను తాను పైకి లేపుకోవడం అనే ఇంగ్లీషు పలుకుబడి నుండి ఈ మాట వచ్చింది. పేరు తగినదే. కరెంటు రాగానే ఆ యంత్రానికి తన దగ్గర ఏమేమి ఉన్నాయో కూడా తెలియదు. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పులో వ్రాసి ఉంచిన ప్రోగ్రామే దానికి మొదటి తెలివి. దానిని బయోస్ అంటారు. నేటి బోర్డుల్లో ఉండే దాని కొత్త రూపం పేరు యూఈఎఫ్ఐ. 1981 ఆగస్టులో ఐబీఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటరు విడుదల చేసిన నాటి నుండి నేటి వరకు వరుస మాత్రం పెద్దగా మారలేదు. ముందు కరెంటు, తరువాత ప్రాసెసరు, తరువాత ర్యామ్, తరువాత తెర, చివరకు విండోస్ ఉన్న డిస్కు. మీ కంప్యూటరు ఈ వరుసలో ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కనిపెడితే సగం పని అయినట్లే.

మొదటి రకం: ఏమీ కదలదు. ఫ్యాను తిరగదు, దీపం వెలగదు. అప్పుడు ఇవి చూడండి. ఆ ప్లగ్గులో టేబుల్ ఫ్యానో, సెల్‌ఫోను ఛార్జరో పెట్టి కరెంటు వస్తున్నదా చూడండి. క్యాబినెట్ వెనుక ఎస్‌ఎంపీఎస్‌కు ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. అది సున్నా వైపు ఉంటే ఆఫ్ అయినట్లు. చాలామంది దానిని మరచిపోతారు. కొన్ని చవక రకాల ఎస్‌ఎంపీఎస్‌లకు 115, 230 అని గుర్తులున్న ఎర్ర స్విచ్చి ఇంకొకటి ఉంటుంది. మన దేశంలో కరెంటు 230 వోల్టులు గనుక, ప్లగ్గు పెట్టకముందే అది 230 వైపు ఉండాలి. 115 వైపు ఉంచి కరెంటు ఇస్తే ఎస్‌ఎంపీఎస్ పేలిపోతుంది.

తరువాత లోపల చూడండి. మూత తీసేముందు ప్లగ్గు పీకండి. పీకిన తరువాత మీటను ఒకసారి నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు దిగిపోతుంది. మదర్‌బోర్డుకు రెండు చోట్ల కరెంటు తీగలు పెట్టాలి. ఒకటి 24 పిన్నుల పెద్దది. రెండవది ప్రాసెసరు ప్రక్కన, సాధారణంగా 8 పిన్నులది. ఈ రెండవది మూలన ఉంటుంది గనుక మరచిపోతారు. రెండూ టక్కుమని శబ్దం వచ్చేదాకా లోపలికి దిగాలి. ఇక క్యాబినెట్ మీట నుండి వచ్చే సన్నని తీగ. దానిని బోర్డు మీద సరైన రెండు పిన్నులకు పెట్టకపోతే మీట ఎంత నొక్కినా ప్రయోజనం లేదు. ఏ పిన్నులో బోర్డుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. మీటనే అనుమానిస్తే ఆ తీగ తీసి, కరెంటు ఇచ్చి, ఆ రెండు పిన్నులను మాత్రమే స్క్రూ డ్రైవరు మొనతో క్షణంపాటు కలపండి. యంత్రం లేచిందంటే తప్పు మీటది, బోర్డుది కాదు.

రెండవ రకం: ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగా ఉంటుంది. ఎక్కువమంది భయపడేది ఇక్కడే. ముందు మానిటరు తీగ ఎక్కడ పెట్టారో చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీగను దానికే పెట్టాలి, మదర్‌బోర్డుకు కాదు. కార్డు లేకపోతే మీ ప్రాసెసరులో గ్రాఫిక్స్ ఉన్నదో లేదో చూడండి. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీవారి రైజెన్ 5 5600 లో ఉండదు, 5600 జీ లో ఉంటుంది. ఒక్క అక్షరం తేడాతో, కార్డు లేనిదే తెర వెలగదు. కొనేటప్పుడే ఈ అక్షరం చూసుకోవాలి. పెద్ద గ్రాఫిక్స్ కార్డులకు ఎస్‌ఎంపీఎస్ నుండి వేరే కరెంటు తీగ కూడా పెట్టాలి.

తరువాత ర్యామ్. రెండు వైపులా సమానంగా, గట్టిగా నొక్కితేనే అది పూర్తిగా దిగుతుంది. చేతికి భయమై చాలామంది సగంలో ఆపేస్తారు. రెండు ఉంటే ఒకటి తీసివేసి, పుస్తకంలో చెప్పిన గాడిలో ఒక్కటే పెట్టి చూడండి. నాలుగు గాళ్లున్న బోర్డుల్లో సాధారణంగా అది ప్రాసెసరు వైపు నుండి రెండవ గాడి. లేవకపోతే రెండవదానితో చూడండి. ఏది చెడ్డదో, ఏది మంచిదో దానంతటదే తేలుతుంది.

ఇక్కడ ఓపిక గురించి ఒక ముఖ్యమైన సంగతి. డీడీఆర్ 5 రకం ర్యామ్ వాడే కొత్త బోర్డులు, విశేషంగా 2022 లో వచ్చిన ఏఎండీ ఏఎం 5 రకంవి, మొట్టమొదటిసారి లేచేటప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. ఒకసారి దానంతటదే ఆగి మళ్లీ మొదలు కావచ్చు కూడా. పాడైందనుకుని మధ్యలో కరెంటు తీసేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. కనీసం పది పదిహేను నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి.

యంత్రం చెప్పే మాట కూడా వినండి. ఇప్పటి అనేక బోర్డుల మీద సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి. లేచేటప్పుడు ఒకదాని తరువాత ఒకటి వెలిగి ఆరిపోతాయి. ఏది ఆరకుండా నిలిచిపోతుందో తప్పు అక్కడే వెదకాలి. డ్రామ్ అంటే ర్యామ్, వీజీఏ అంటే గ్రాఫిక్స్, బూట్ అంటే డిస్కు. దీపాలు లేని బోర్డుకు చిన్న స్పీకరు తగిలిస్తే అది కూతలు కూస్తుంది. ఆ కూతల అర్థం బోర్డును బట్టి మారుతుంది గనుక పుస్తకం చూసే నిర్ణయించండి.

సీపీయూ దీపం నిలిచిపోతే ప్రాసెసరు పోయిందని కంగారుపడకండి. కొన్నిసార్లు బోర్డు పాతది, ప్రాసెసరు కొత్తది అయి ఉంటుంది. ఉదాహరణకు, ఇంటెల్ 600 వరుస బోర్డులు 2021 చివర మొదలయ్యాయి. 2022 లో వచ్చిన 13వ తరం ప్రాసెసరును గుర్తించడానికి వాటిలో చాలావాటికి బయోస్‌ను కొత్తది చేయాలి. కొన్ని బోర్డులకు పెన్‌డ్రైవ్‌తోనే ఆ పని జరిగే మీట వెనుక ఉంటుంది. లేకపోతే కొన్న కొట్టులో చేయించుకోవాలి. కొనేముందే "ఈ ప్రాసెసరుకు ఈ బోర్డు బయోస్ సరిపోతుందా?" అని ఒక్క ప్రశ్న అడిగితే బస్సు ఛార్జీలు మిగులుతాయి.

మూడవ రకం: లేచినట్లే లేచి కొన్ని క్షణాలకే పడిపోతుంది. ప్రాసెసరు మీది కూలరు చూడండి. దాని అడుగున అంటించిన పల్చని ప్లాస్టిక్ కాగితం తీయకుండా బిగించినవారు ఉన్నారు. కూలరు ఫ్యాను తీగ సీపీయూ ఫ్యాన్ అని వ్రాసిన చోటనే పెట్టాలి. రెంటచింతల ఎండలు తెలిసిన మనకు వేడి సంగతి వేరే చెప్పనక్కరలేదు. కూలరు వంకరగా కూర్చుంటే ఏసీ గదిలో ఉన్నా ప్రాసెసరు వేడెక్కిపోతుంది. బోర్డు క్రింద ఇత్తడి దిమ్మెలు సరైన రంధ్రాల దగ్గరే ఉన్నాయా, జారిపడిన స్క్రూ ఏదైనా బోర్డు వెనుక ఇరుక్కున్నదా అని కూడా చూడాలి. అనుమానం తీరకపోతే బోర్డును బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసరు, కూలరు, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే ఉంచండి. ప్రాసెసరులో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు కూడా ఉంచండి. అక్కడ బాగా లేస్తే తప్పు క్యాబినెట్‌లో బిగించిన తీరులో ఉన్నది.

నాలుగవ రకం: తెర మీద అక్షరాలు వస్తాయి, విండోస్ రాదు. బూట్ అయ్యే డిస్కు లేదని ఇంగ్లీషులో చూపుతుంది. ఇది సంతోషించవలసిన సంగతి. కరెంటు, ప్రాసెసరు, ర్యామ్, తెర నాలుగూ బాగున్నాయని యంత్రమే చెబుతున్నది. కొత్త డిస్కు ఖాళీ పలక వంటిది. విండోస్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి దానిలో వ్రాయించాలి. డిస్కు అసలే కనబడకపోతే దాని స్క్రూ, తీగలు చూడండి. విండోస్ ఎక్కిస్తుండగా ఒకసారి ఆగి లేచి మళ్లీ మొదటి ప్రశ్నలే అడుగుతుంటే, యంత్రం డిస్కుకు బదులు పెన్‌డ్రైవ్ నుండే లేస్తున్నదన్నమాట. పెన్‌డ్రైవ్ తీసివేయండి. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 కు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ సౌకర్యం ఉండాలి. కొత్త బోర్డుల్లో అవి ఉంటాయి గాని, కొన్నిసార్లు బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేయవలసి వస్తుంది. బయోస్‌లో ఏదో మార్చిన తరువాతే కంప్యూటరు లేవకపోతే, ప్లగ్గు పీకి, బోర్డు మీది గుండ్రని బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి పెట్టండి. అది మళ్లీ మొదటి స్థితికి వస్తుంది.

మన పల్లెలకు ప్రత్యేకమైన సంగతి ఎర్తింగు. క్యాబినెట్ ఇనుము తాకితే చేయి జివ్వుమంటే మీ ఇంటికి ఎర్తు లేదని గుర్తు. మూడవ పిన్ను ఉన్నంత మాత్రాన దానికి తీగ ఉన్నట్లు కాదు. ఎలక్ట్రీషియనును పిలిచి ఫేజుకు, ఎర్తుకు మధ్య పరీక్ష చేయించండి. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తు గుంటకు వేసవిలో నీళ్లు పోస్తూ ఉండండి. చేలల్లో మోటార్లన్నీ ఒక్కసారిగా లేచే వేళ వోల్టేజి పడిపోతుంది గనుక ఒక మంచి యూపీఎస్ ఉండడం అవసరం. అన్నిటికంటే ముఖ్యంగా, ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకండి. ప్లగ్గు పీకిన తరువాత కూడా దాని లోపల ప్రాణాలకు ముప్పు తెచ్చే కరెంటు నిలిచి ఉండవచ్చు.

ఇక రెండు నియమాలు. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిదీ ఒక నోటు పుస్తకంలో వ్రాయండి. నాలుగు ఒకేసారి మార్చితే ఏ మందుకు జబ్బు తగ్గిందో తెలియదు. ఇవన్నీ చేసిన తరువాత కూడా లేవకపోతే, వస్తువు నిజంగానే చెడిపోయి ఉండవచ్చు. కొత్త వస్తువు చెడిపోయి రావడం కూడా జరుగుతుంది. అప్పుడు ఆ పుస్తకం, బిల్లు, అట్టపెట్టెలు తీసుకుని కొన్నచోటికి వెళ్లండి. "ర్యామ్ ఒక్కొక్కటే పెట్టి చూశాం, డ్రామ్ దీపం ఆరడం లేదు" అని చెప్పగలిగిన ఇంటివారికి ఎవరూ అక్కరలేని వస్తువు అంటగట్టలేరు. వారంటీ ఉన్నంతకాలం మార్చి ఇమ్మని అడగడం మీ హక్కు.

తల్లిదండ్రులకు ఒక మాట. యంత్రం లేవనప్పుడు పిల్లవాడిని కోప్పడకండి. వాడికి అప్పటికే మీ డబ్బు గురించి భయం ఉంటుంది. ఆ భయంతో దాచిపెట్టి, తెలియని చోటల్లా వేలు పెడితే చిన్న లోపం పెద్దదవుతుంది. టార్చిలైటు పట్టుకుని ప్రక్కన కూర్చోండి. "ముందు ఏది చూశావు? తరువాత ఏది చూస్తావు?" అని అడగండి. మోటారు దగ్గర మీకున్న అనుభవం ఇక్కడ కూడా పనికి వస్తుంది.

మరల వచ్చే నెల మరియొక విషయంతో కలుసుకుందాం.