వేరుసెనగ పరీక్ష ఎచ్చట జరుగవలెను?

మన సభ్యులలో పలువురికి ప్రయోగశాల యనగానే జుల్మానా జ్ఞప్తికి వచ్చును. శాంపిలు తీయ వచ్చిన యుద్యోగిని జప్తుదారునివలె చూచుట వాడుకయైనది. ఈ భయము తొలగినగాని వేరుసెనగ రైతునకు మేలు కలుగదని నా యభిప్రాయము.

1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోళ్లు హఠాత్తుగా చచ్చినవి. వాని మేతలో కలిసిన బ్రెజిలు దేశపు వేరుసెనగ పిండియందు ఒకానొక బూజు పుట్టించిన విషమున్నదని పిదప తేలినది. అదియే అఫ్లటాక్సిన్. 1974లో మన దేశముననే, రాజస్థాన్, గుజరాతు పల్లెలలో, బూజు పట్టిన మొక్కజొన్న తిని కామెర్లతో నూరుమందికి పైగా మరణించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఆ ధాన్యమును పరీక్షించి ఈ విషమునే కనుగొనిరి.

కంటిచూపు చాలదా యని యడుగవచ్చును. చాలదు. బూజు తుడిచినను విషము నిలుచును. ఉడికించినను, వేయించినను పూర్తిగా నశింపదు. కొద్దికొద్దిగా చిరకాలము లోపలికి పోయినచో కాలేయమున పుట్టకురుపునకు దారితీయును. నేరుగా తినెడి వేరుసెనగలో కిలో ఒక్కింటికి 4 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా సమాఖ్య నిబంధన. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ పాలు. దీనిని నాలుక యెట్లు పసికట్టగలదు? మరియు విషము బస్తాయంతట సమముగా నుండదు. ఏ కొలది గింజలలోనో దాగియుండును. కావున పైనున్న పిడికెడు గింజలు చూచి తీర్పు చెప్పరాదు. పెక్కు బస్తాల అడుగునుండియు, నడుమనుండియు తీసి, కలిపి, పొడిచేసి పరీక్షింపవలెను.

పలువురి సరకు గోదాములో కలిసిన పిదప పరీక్షించినచో, కల్లమున శ్రద్ధగా ఎండబెట్టిన రైతును, కాయలు కొట్టించుటకు ముందు నీళ్లు చల్లిన వానిని ఒకే గాటన కట్టుట యగును. ఒకని తడి పదిమంది కష్టమును చెరచును. అందుచేత సరకు కలియక మునుపే, కొనుగోలు స్థలముననే సంఘము శాంపిళ్లు తీయవలెను. ఫలితమును రైతునకు కాగితముపై తెలుపవలెను. శుద్ధమైన సరకునకు హెచ్చు ధర ఇయ్యవలెను.

పది బస్తాల రైతునకు పరీక్ష ఖర్చు భారమనుట నిజమే. మొదట అందరి కాయలకును తేమ కొలిచి, ఎండినవానిని, ఎండనివానిని వేరువేరు జట్లు చేసి, జట్టునకొక శాంపిలు పంపినచో ఖర్చు తగ్గును. ఆ ఖర్చును సంఘనిధి భరింపవలెను. అయితే ఒక మాట మరువరాదు. కాయ ఊరు వేళ వాన తప్పి బెట్ట కలిగినచో బూజు చేనిలోనే పట్టును. కావున పరీక్షలో సరకు తప్పిన రైతునెల్ల సోమరి యని నిందింపరాదు. కారణమరసి మరుసటి పంటకు సలహా నిచ్చుట మన విధి.

తప్పిన కాయలను ఇంటి వంటకు దాచుటయు, వాని చెక్కను గేదెకు పెట్టుటయు మిక్కిలి ప్రమాదము. ఆ విషము రూపు మారి పాలలోనికి వచ్చును. ఆ పాలు త్రాగువారు మన బిడ్డలే గదా! పాలలో కిలోకు 0.5 మైక్రోగ్రాము మించరాదని మన దేశపు నిబంధన సహితము కలదు.

పరాయి రేవులో మన సరకు తిరస్కృతమగుటకంటె మన గోదాము వాకిట దోషము తెలియుట మేలు. రాబోవు మహాసభలో సభ్యులీ విషయమును చర్చించి తీర్మానింతురు గాక.