డిస్కౌంటు ఒక్కటే బేరమా?

సంపాదకులకు,

లగ్జరీ ఎస్‌యూవీ బేరంపై మీ గతవారం వ్యాసం డిస్కౌంటు దగ్గరే ఆగిపోయింది. బీమా షోరూంలోనే కట్టాలన్న రూలేమీ లేదు. బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే అసలు బేరం అప్పుడు మొదలవుతుంది. పది లక్షలు దాటిన బండిపై వసూలుచేసే 1 శాతం టీసీఎస్ పన్ను మీ ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది, దాన్ని ఖర్చు కింద రాసుకోవద్దు.

మా భద్రాచలం వైపు సన్‌రూఫ్ కన్నా ఇంజిన్ ప్రొటెక్షన్ కవరు ముఖ్యం. వాగునీళ్లు ఇంజిన్‌లోకి పోతే మామూలు పాలసీ సాధారణంగా ఆదుకోదు. 2022 జులైలో గోదావరి 71 అడుగులు దాటి వంతెన మూసేస్తే ఫోర్‌వీల్ డ్రైవ్ మాత్రం ఏం చేయగలిగింది?

డిక్కీ అడుగుచెక్క ఎత్తి చూడండి. చాలా ఖరీదైన బండ్లలో అక్కడ పూర్తిసైజు స్టెప్నీ ఉండదు, గాలిపంపు, జిగురు సీసా ఉంటాయి. మా దగ్గరి చర్ల దారిలో టైరు చీలితే అవి చాలవు. అడ్వాన్సు కట్టకముందే స్టెప్నీ అడగండి.

— ఒక పాఠకుడు, భద్రాచలం