బీడీల వాడ కథ ఎవరు రాయాలి?

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పేరు చెబితే పసుపు, ఎర్రజొన్న గుర్తొస్తాయి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీపడితే, వారిలో 170 మందికి పైగా పసుపు బోర్డు కోరిన రైతులే. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా పసుపు బోర్డు మొదలైంది. రైతు పోరాటం అలా కాగితాలకెక్కింది.

మరి వాడకట్టు మాటేమిటి?

సిద్దులగుట్ట కింది పాత గల్లీల్లో, పెర్కిట్, మామిడిపల్లి వాడల్లో తరాలుగా ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టారు. తునికాకు తడిపి, కత్తెరతో కోసి, తంబాకు నింపి, దారం చుట్టి, కట్టలను కార్ఖానాకు మోశారు. మగవాళ్లు దుబాయి, మస్కట్ పోతే ఇల్లు నడిపింది ఈ చాటే. పిల్లల ఫీజులు, చీటీలు, పెళ్లి మాటలు అన్నీ అరుగుల మీదే తేలాయి. తంబాకు ఘాటుకు దగ్గూ అక్కడే పట్టుకుంది. ఆ సంగతి దాచి తీపి జ్ఞాపకాలే రాస్తే అబద్ధమే అవుతుంది.

బీడీ కార్మికుల చట్టం 1966లోనే వచ్చింది. తెలంగాణలో వారికి పింఛను మాత్రం 2015లో గానీ మొదలుకాలేదు.

అరుగుల చోట షట్టర్లు లేస్తున్నాయి, చుట్టిన చేతులు ముసలివవుతున్నాయి. మున్సిపాలిటీ, స్థానిక కళాశాలలు ఇకనైనా వాడవాడా తిరిగి ఆ అమ్మల మాటలను రికార్డు చేయించాలి.