మేస్త్రి జాతకం కూడా చూద్దాం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండూ కష్టమైన పనులే. కానీ ఈ రెండింటి మీదా మనం చూపించే శ్రద్ధలో మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. పిల్లకు సంబంధం వచ్చిందంటే తెనాలి నుంచి రేపల్లె దాకా వాకబు చేస్తాం. అబ్బాయి చదువు, ఉద్యోగం, అలవాట్లు సరే, వాళ్ళ మేనత్త నోటి దురుసు సంగతి కూడా కనుక్కుంటాం. అదే రెండు లక్షలు పోసి ఇంటి కప్పు బాగు చేయించేటప్పుడు మాత్రం "ఫలానావాళ్ళు చెప్పారండీ, మంచివాడేనట" అన్న ఒక్క ముక్క మీద అడ్వాన్సు చేతిలో పెట్టేస్తాం. ఆ మేస్త్రిది ఏ ఊరు, ఇదివరకు ఎవరి శ్లాబు వేశాడు, అది ఇప్పుడెలా ఉంది అని అడగం. అడిగితే ఏమనుకుంటాడోనని మొహమాటం!

ఈ మొహమాటం చివరికి ఎవరి నెత్తిన పడుతుంది? వాన కురిసిన రాత్రి లేచి హాల్లో బకెట్లు, వంటింట్లో గిన్నెలు సర్దేది ఎవరు? చెమ్మెక్కిన బీరువాలోంచి పట్టుచీరలు తీసి ఆరబెట్టుకునేది ఎవరు? పెచ్చులూడి ఊయల్లో పిల్లాడి మీద పడతాయేమోనని కంటిమీద కునుకు లేకుండా కూర్చునేది ఎవరు? మనమే కదా. మరి మేస్త్రితో బేరం కుదిరేటప్పుడు మాత్రం మనల్ని కాఫీలు తేవటానికి లోపలికి పంపిస్తారు. ఇంటికింద ఇరవై నాలుగు గంటలూ ఉండే మనిషికి ఇంటికప్పు గురించి నాలుగు ప్రశ్నలు అడిగే హక్కు లేదంటే నేనొప్పుకోను.

పైగా మనది మామూలు చోటు కాదు. కృష్ణా డెల్టా. ఆషాఢ శ్రావణాల వానలు ఒకెత్తు, దసరా వెళ్ళాక వచ్చే వాయుగుండాలు ఇంకొకెత్తు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, 1990 మే నెల తుఫాను మన అమ్మలు, అత్తగార్లు ఇప్పటికీ తలుచుకుంటారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలివాన వెలిసిందో లేదో, "శ్లాబు కురుస్తోందా అమ్మా, మందు పూస్తాం, పదేళ్ళు గ్యారంటీ" అంటూ వీధుల్లోకి మనుషులు దిగుతారు. ఇల్లు కురుస్తున్న మనిషికి ఆలోచించే వ్యవధి ఉండదు. వాళ్ళకు కావలసిందీ అదే.

ముందుగా ఒక భ్రమ వదిలించుకుందాం. "గవర్నమెంటు లైసెన్సున్న కాంట్రాక్టరు" అని కార్డు మీద వేయించుకునేవాళ్ళున్నారు. రోడ్లు భవనాల శాఖలాంటివి తమ టెండర్ల కోసం కాంట్రాక్టర్లను క్లాసులవారీగా నమోదు చేసుకుంటాయి. అది ప్రభుత్వ పనులకు అర్హత. మున్సిపాలిటీలో ప్లాను మీద సంతకం పెట్టే లైసెన్సుడు ఇంజనీర్లు వేరు. మన డాబా మీద మందు పూసేవాడికీ, పెంకులు సర్దేవాడికీ, రేకులు బిగించేవాడికీ ఫలానా లైసెన్సు ఉండితీరాలన్న నియమం మన దగ్గర లేదు. "రెరా ఉందిగా!" అంటారు కొందరు. 2016లో వచ్చిన ఆ చట్టం ముఖ్యంగా అమ్మకానికి కట్టే ప్రాజెక్టుల కోసం. సొంత ఇంటి మరమ్మతు దాని కిందికి రాదు.

జి.ఎస్.టి. నంబరు చూపిస్తే? అది పదిహేను అక్షరాల నంబరు. మన ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనదైతే 37తో మొదలవుతుంది. జి.ఎస్.టి. వాళ్ళ వెబ్‌సైట్లో ఆ నంబరు కొడితే అది ఎవరి పేరు మీద ఉందో, ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో ఎవరికైనా కనిపిస్తుంది. మన పిల్లలు రెండు నిమిషాల్లో చూసిపెడతారు. ఏడాదికి ఇరవై లక్షల లోపు రాబడి ఉన్న చిన్న మేస్త్రికి సాధారణంగా ఆ నంబరు తీసుకోవలసిన అవసరమే లేదు. కాబట్టి లేకపోవటం తప్పు కాదు. ఇంకొకరి నంబరు చూపించటం మాత్రం తప్పే. ఎంత నిఖార్సయిన నంబరైనా పన్ను సంగతి చెబుతుందే గానీ పని సంగతి చెప్పదు.

గ్యారంటీ కాగితం కూడా అంతే. పదేళ్ళని రాసిచ్చింది మందు కంపెనీయా, పూసిన మనిషా? కంపెనీ అయితే డబ్బా మీద ఉన్న కంపెనీ నంబరుకు మనమే ఫోన్ చేసి, "ఈయన మీ మనిషేనా? ఈ గ్యారంటీ మీదేనా?" అని కనుక్కోవాలి. అతగాడి కార్డు మీదున్న నంబరుకు చేస్తే అతగాడే ఎత్తుతాడు!

మరి మేస్త్రి జాతకం ఎక్కడుంది? అతను ఇదివరకు చేసిన ఇళ్ళ కప్పుల మీద ఉంది. నిన్న పూర్తయిన పని చూసి లాభం లేదు, కొత్త సున్నం కింద అన్నీ అందంగానే కనిపిస్తాయి. కనీసం ఒక వానాకాలం గడిచిన పని చూడాలి. రెండు మూడేళ్ళయితే మరీ మంచిది.

రేపల్లెలో మాకు తెలిసిన ఒక టీచరమ్మగారున్నారు, రిటైరయ్యారు. భర్త పోయాక పైన శ్లాబు బాగుచేయించవలసి వచ్చింది. వచ్చిన మేస్త్రిని, "నాయనా, నువ్వు చేసిన ఇళ్ళు మూడు చెప్పు" అన్నారు. అతను చెప్పాడు. ఆవిడ వెంటనే వెళ్ళలేదు. అశ్వయుజంలో ముసురు పట్టేదాకా ఆగి, గొడుగేసుకుని, వాన పడుతుండగా బయల్దేరారు. మొదటి ఇంట్లో ఇంటాయన "పని బ్రహ్మాండమండీ" అన్నాడు. ఇల్లాలు మాత్రం ఏమీ మాట్లాడకుండా ఆవిణ్ణి పడగ్గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ మంచం పక్కన ఒక స్టీలు బేసిన్, అందులో టపటపమని చుక్కలు! టీచరమ్మగారు ఇంకో మేస్త్రిని చూసుకున్నారు. కథలు రాసేదాన్ని నేనైనా, ఆ బేసిన్ చెప్పినంత క్లుప్తంగా ఏ కథా చెప్పలేను.

అందుకని వెళ్ళినప్పుడు ఇల్లాలితోనే మాట్లాడండి. నాలుగు సంగతులు అడగండి. చెప్పిన రోజుకి పని మొదలుపెట్టాడా? ఒప్పుకున్న డబ్బుకే పూర్తిచేశాడా, మధ్యలో పెంచమన్నాడా? వాన పడ్డాక ఎక్కడైనా చెమ్మ కనబడిందా? కనబడితే పిలిచినప్పుడు వచ్చాడా? ఈ నాలుగో ప్రశ్న అసలైనది. తప్పు ఎవరి పనిలోనైనా దొర్లుతుంది. ఫోన్ ఎత్తి, వచ్చి, సరిచేసి వెళ్ళేవాడే మంచి మేస్త్రి.

ఇంకో రెండుచోట్ల కూడా అడగొచ్చు. ఒకటి అతను సరుకు తీసుకునే సిమెంటు కొట్టు. బాకీలు పెట్టి ముఖం చాటేసేవాడెవరో కొట్టువాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రెండోది అతని దగ్గర తట్టలు మోసే ఆడవాళ్ళు. "కూలి ఏ రోజుకారోజు ఇస్తాడా అమ్మా?" అని అడిగి చూడండి. వాళ్ళ కూలి ఎగ్గొట్టేవాడు మన బస్తాల్లో చేయి పెట్టడని నమ్మకమేమిటి? అతను పనివాళ్ళకి నడుం బెల్టు, తాళ్ళు ఇస్తాడా, పిట్టగోడ లేని చోట ఏం జాగ్రత్త పడతాడు అన్నదీ కనుక్కోవాలి. మన కప్పు బాగవ్వటం కోసం ఇంకో ఇంటి దీపం ఆరిపోకూడదు.

మనిషి నచ్చాక కాగితం. ఇది చాలామంది మగవాళ్ళకే కష్టంగా ఉంటుంది, "మాట మీద నమ్మకం లేదా?" అంటారు. మాట మీద నమ్మకం ఉండబట్టే ఆ మాటను రాసుకుంటున్నామని చెప్పండి. ఎన్ని చదరపు అడుగులు, ఏ సిమెంటు ఎన్ని బస్తాలు, ఏ మందు ఎన్ని కోటింగులు, సరుకు ఎవరిది, ఎన్ని రోజుల్లో పూర్తి, కురిస్తే ఎవరి ఖర్చుతో సరిచేయాలి - అన్నీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. డబ్బు పని నడిచిన కొద్దీ ఇవ్వాలి, చెక్కు ద్వారానో ఫోన్లోనో పంపితే దాఖలా ఉంటుంది. నా మట్టుకు నేను పదో వంతు ఆపి సంక్రాంతికి ఇస్తానని ముందే ఒప్పందం చేసుకోమంటాను. ప్రభుత్వ పనుల్లోనూ కొంత సొమ్ము అలాగే పట్టి ఉంచుతారు. పని మీద ధీమా ఉన్నవాడు దీనికి బాధపడడు.

నాలుగు ముక్కలు మనమూ తెలుసుకుంటే మేస్త్రి మాటలో నిజమెంతో తెలుస్తుంది. బాపట్లకు సూర్యలంక సముద్రం ఎంతో దూరం లేదు. ఉప్పు గాలికి శ్లాబులో ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, అందుకే పెచ్చులూడతాయి. తీరప్రాంతపు గాలి నేరుగా తగిలే కాంక్రీటులో ఇనుము మీద 45 మిల్లీమీటర్ల మందం ఉండాలని ఐ.ఎస్. 456 అనే మన దేశపు ప్రమాణం చెబుతోంది. ఇనుము కింద కవరు బిళ్ళలు పెడతావా అని అడగండి. కాంక్రీటు కలపటానికి, తడపటానికి ఉప్పు నీళ్ళు పనికిరావు. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మంచినీళ్ళ ఏర్పాటు ఎవరిదో ముందే తేల్చుకోండి. కొత్త శ్లాబు మీద మళ్ళు కట్టి నీళ్ళు నిలపటం మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, మన ఎండలకు పది రోజులైనా ఉండాలి. మందు పూయించినప్పుడు అది పూర్తిగా ఆరాక నీళ్ళగొట్టాలు మూసి, రెండంగుళాల నీళ్ళు ఒక రోజంతా నిలబెట్టి, కింద చెమ్మ లేదని చూసుకున్నాకే చివరి వాయిదా ఇవ్వండి.

ఇంత చేసినా మోసం జరిగితే దారి లేకపోలేదు. ఇల్లు కట్టే పనిని 1993లోనే వినియోగదారుల చట్టంలో సేవగా చేర్చారు. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 నాటి కొత్త చట్టంలోనూ అది ఉంది. జిల్లా కమిషన్లో మనం ఉన్న చోటి నుంచే ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ళలోగా వేయాలి. 1915 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు. కానీ అక్కడ మొట్టమొదట అడిగేది కాగితమే. మొహమాటపడి కాగితం రాయించుకోనివాళ్ళు అక్కడ ఏం చూపిస్తారు?

ఇదంతా మన దేశంలోనే అనుకోకండి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఇంటికప్పుల కాంట్రాక్టరుకి లైసెన్సు తప్పనిసరి, దాన్ని ఎవరైనా కంప్యూటర్లో సరిచూసుకోవచ్చు. మన తెలుగువాళ్ళు అంతమంది ఉన్న టెక్సాసులో మాత్రం రాష్ట్రం ఇచ్చే అలాంటి లైసెన్సే లేదు. వడగళ్ళ వాన వెలియగానే అక్కడా తలుపులు తట్టే మనుషులు వస్తారు. అక్కడి ఇల్లాలికైనా, మన తెనాలి ఇల్లాలికైనా పాత పనులు చూసి, నలుగురిని అడగటమే రక్ష.

మంచి మేస్త్రులు మన ఊళ్ళలో బోలెడంతమంది ఉన్నారు. తండ్రి వేసిన శ్లాబును కొడుకు గర్వంగా చూపించే కుటుంబాలున్నాయి. మనం అడగకపోతే నష్టపోయేది వాళ్ళు కూడా. నాణ్యంగా చేసేవాడూ, అడ్వాన్సు పుచ్చుకుని మాయమయ్యేవాడూ ఒకే రేటు దగ్గర నిలబడితే, తక్కువ చెప్పినవాడికే పని దక్కుతుంది. మన వాకబు మంచివాడికి అవమానం కాదు, సిఫార్సు.

ఈసారి మీ ఇంటికి మేస్త్రి వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోకండి. కుర్చీ లాక్కుని కూర్చోండి. "మీరు చేసిన ఇళ్ళు మూడు చెప్పండి, వానాకాలం వెళ్ళినవి" అని అడగండి. చిరాకు పడితే అతని సంగతి తెలిసినట్టే. "రండమ్మా, ఇప్పుడే చూపిస్తాను" అన్నాడా, సగం పని అయినట్టే.