కరెంటు వచ్చినది, కరెంటు చదువేది?

ముత్యంపేట ప్రాంతమున రైతు మోటారును, సిరిసిల్లలో నేతగాడు మరమగ్గమును నమ్ముకొని బ్రతుకుచున్నారు. 1970లోనే సిరిసిల్లయందు సహకార విద్యుత్సరఫరా సంఘము వెలసినది. కాని విద్యుత్తు గ్రామమునకు వచ్చినంతగా విద్యుద్విజ్ఞానము రాలేదు. ఓం సూత్రమును తడుముకొనక వల్లించు బాలుడు, స్టార్టరు పెట్టెను తడిచేతితో ఏల ముట్టరాదో చెప్పజాలడు. ఈ అజ్ఞానమువలన పరీక్షలో పోవునవి మార్కులు. పొలములో పోవునది ప్రాణము.

ఈ లోటు తీర్చుటకు తెలుగునకు శక్తి లేదనుట పొరపాటు. 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రమును తెలుగున చెప్పుటకు పూనుకొనెను. పిమ్మట మహీధర నళినీమోహన్ గారు 'కరెంటు కథ'ను రచించిరి. ఇక పుస్తకము చేయగల మేలునకు నిదర్శనము ఫారడే. కమ్మరి కొడుకైన యాతడు పుస్తకములు కుట్టు అంగడిలో పనిచేయుచు, అచటికి వచ్చిన గ్రంథములనే చదివి, 1831లో విద్యుత్ప్రేరణమును కనుగొనెను. నేడు రామగుండమున తిరుగు జనరేటరుకు మూలమదియే.

బొగ్గు మండి, నీరు ఆవిరియై, ఆవిరి చక్రమును త్రిప్పి, ఆ శక్తి తీగవెంట మన చేనికి వచ్చు త్రోవను, ఫ్యూజు, ఎర్తుల ప్రయోజనమును బొమ్మలతో తెలుపు పుస్తకములు ప్రతి గ్రామమున ఉండవలెను. ఇంటిపన్నుతో గ్రంథాలయ సుంకము చెల్లించు పెద్దలారా! ఆ ధనముతో ఇట్టి పుస్తకములు కొనుమని గ్రంథాలయ సంస్థను అడుగుడు. మోటారుకు వేలు వెచ్చించు చేయి, బిడ్డ పుస్తకమునకు నూరు రూపాయలు వెచ్చింప వెనుదీయనేల?